డబుల్ షాకర్ల మోజు: సైకిల్ మేస్త్రి చెప్పే అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం షట్టరు సగం ఎత్తానో లేదో, గజపతినగరం వైపు నుంచి ఓ తండ్రీ కొడుకూ ఆటోలో సైకిల్ వేసుకొచ్చారు. ముందూ వెనకా షాకర్లు, రెండు డిస్కులు, 21 గేర్లు, ధర 13 వేలు. కొని రెణ్ణెల్లు. "ఏటోనండి మేస్త్రిగారూ, హ్యాండిల్ కుదురుగా ఉండట్లేదు, వెనకేమో టకటకమంటంది" అన్నాడు కుర్రాడు. ముందు చక్రం చూడగానే సగం అర్థమైంది. ఎడమ పక్క ఉండాల్సిన డిస్కు కాలిపర్, అంటే డిస్కుని నొక్కి ఆపే బ్రేకు ముక్క, కుడి పక్కకొచ్చి కూర్చుంది. పెట్టెలో వచ్చిన సైకిల్ని ఇంట్లో బిగించుకుంటూ ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే గొట్టాలు) వెనక్కి తిప్పి పెట్టేశారు. అది ఐదు నిమిషాల పని. వెనక చక్రం ఇరుసు తీసి కౌంటరు అద్దం మీద దొర్లిస్తే మాత్రం దొర్లలేదు, ఎగిరెగిరి పడింది. వంగిపోయింది.

ఇలాంటి బండి నా దగ్గరికి రాని నెల లేదు. ప్రతిసారీ అదే మాట చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే రాస్తున్నా.

అపోహ: అదే డబ్బుకి ఎక్కువ సామాను వస్తే మనకే లాభం.

ప్లేటుకి నూటయాభై ఇచ్చి పాతిక రకాలు వడ్డించమంటే క్యాటరింగ్ ఆయన ఏం చేస్తాడు? పప్పులో నీళ్లు పోస్తాడు. సైకిల్ కంపెనీ అయినా అంతే. 15 వేల లోపు బండికి వెనక షాకర్ కూడా పెట్టాలంటే ఆ డబ్బు చక్రాల్లోంచో, బ్రేకుల్లోంచో, చక్రం నడుమ ఇరుసు తిరిగే హబ్బులోంచో కోసుకోవాలి. ఇవేవీ ఫొటోలో కనబడవు. షాకర్ కనబడుతుంది.

వెనక షాకరున్న ఫ్రేముకి మధ్యలో కీలు ఉంటుంది. ఈ ధరలో ఆ కీలుకి వేసేది చాలావరకు ప్లాస్టిక్ బుష్షే. అది అరిగితే వెనక చక్రం అటూఇటూ ఆడుతుంది. కొనేముందు సీటు ఓ చేత్తో, వెనక టైరు ఓ చేత్తో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. కొత్త బండిలోనే 'టక్' మంటే ఇక అడగక్కర్లేదు. పైగా బరువు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు ప్రతి తొక్కుకీ బండి కిందికీ పైకీ ఊగుతుంటే మీ బలం కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది.

ముందు షాకర్ మాటకొస్తే, చవక ఫోర్కులో ఉండేది వట్టి స్ప్రింగు. హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కి వదలండి. టంగున పైకి తన్నిందంటే దాన్ని నెమ్మదింపజేసే ఏర్పాటు లోపల లేదన్నమాట. అలాంటిదానికన్నా షాకర్ లేని మామూలు ఫోర్కు, వెడల్పు టైర్లు నయం. నేనిలా అంటే కుర్రాళ్లు నవ్వుతారు. 1976లో అమెరికాలో మౌంటెన్ బైకు పందేలు మొదలైనప్పుడు పాత బరువు సైకిళ్ల మీదే కొండలు దిగారు నాయనా. రాక్‌షాక్స్ అనే షాకర్ల కంపెనీ తొలి ఫోర్కు 1989లో గానీ రాలేదు.

ఇక ఆ వంగిన ఇరుసు. మీ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. చవక బండ్లలో పళ్లచక్రాలన్నీ ఫ్రీవీలు రూపంలో హబ్బుకి మరతో బిగుస్తాయి. కుడి పక్క ఇరుసుని మోసే బేరింగు బాల్సులు పళ్లచక్రాలకి లోపలి వైపున ఉండిపోతాయి. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా ఇరుసుకి ఆసరా లేదు, గోతిలో పడితే వంగేది అక్కడే. ఇంకో రకం కేసెట్, అందులో పళ్లచక్రాలు హబ్బు మీదికి జారి కూర్చుంటాయి. కేసెట్ హబ్బులో ఆ బాల్సులు ఫ్రేము దగ్గరికి జరుగుతాయి, ఇరుసు నిలబడుతుంది. కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "షాకర్ ఉందా" అని కాదు, "వెనక ఫ్రీవీలా, కేసెట్టా" అని. 8 స్పీడు (వెనక ఎనిమిది పళ్లచక్రాలు) కదా, కేసెట్టే అయ్యుంటుందిలే అనుకోకండి, 8 స్పీడు ఫ్రీవీళ్లూ అమ్ముతున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

21 గేర్లంటే 21 రకాల బలం అనుకుంటారు. ముందు 42 పళ్లు, వెనక 28. ముందు 24, వెనక 16. లెక్కేయండి, రెండిట్లోనూ పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్టు తిరుగుతుంది. ఒకే గేరుని రెండుసార్లు అమ్మారు. ఘాటు ఎక్కాలంటే వెనక పెద్ద పళ్లచక్రం 34 పళ్లదైతే సుఖం.

డిస్కు లేకపోతే ప్రమాదమా? చక్రం రిమ్ముని రెండు పక్కలా నొక్కే మంచి వి-బ్రేకు చెత్త డిస్కుకన్నా బాగా ఆపుతుంది. వానాకాలం బురదలో మాత్రం డిస్కుదే పైచేయి, ఒప్పుకుంటా. 29 సైజు చక్రమా, 27.5 చక్రమా అని రాత్రంతా వీడియోలు చూడకండి. ఫ్రేము సైజు మీకు సరిపోవడం ముఖ్యం. నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ అంటే భయపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. భయం సహజమే, ఆర్నెల్లు కూడబెట్టిన డబ్బు మరి. ఓ స్కేలు పట్టుకెళ్లండి. చైను సూది నుంచి సూదికి 24 లింకులు కొలిస్తే కొత్త చైనుకి సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొస్తే చైనుతో పాటు పళ్లూ పోయాయని, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 15 వేల కొత్త బండి మీద తొమ్మిది వందల చిల్లర మిగులుతుంది. దాన్ని ఇంకో షాకర్‌కి తగలెయ్యకుండా పంపూ, తెలిసినవాడితో బిగింపూ చూసుకోండి.

ఆ తండ్రి "మోసపోయామేటండీ?" అని మెల్లగా అడిగాడు. వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్త ఇరుసు వేసి, ఫోర్కు సరిచేసి, తారు రోడ్డు మీద నిక్షేపంగా తొక్కుకోవచ్చు, ఏటి గట్టు మీంచి దూకించొద్దు అని చెప్పాను. దూకించేవాడని వాడి మొహంలోనే తెలిసిపోయింది.

నా సొంత బండి మూల నిలబెట్టి ఉంది. పాత ఇనప ఫ్రేము, షాకర్ లేదు, వెనక 8 స్పీడు కేసెట్. "దీనికి షాకర్ లేదేటండి?" అన్నాడు కుర్రాడు. గంటస్తంభం దాకా తొక్కి రమ్మన్నాను. మా షాపు నుంచి పోయి రావడానికి పది నిమిషాలు చాలు. వాళ్ల నాన్న రెండు టీలు తాగేశాడు, ఇరుసు బిగించడం అయిపోయింది, వీడు వచ్చేసరికి ముప్పావుగంట.