వచ్చిపోయే డాక్టరు, రోజూ ఉండే అన్నం

విశాఖ జిల్లా ఆనందపురం మండలంలో ఓ చిన్న బడి. హెడ్మాస్టరు గదిలోని ఇనుప బీరువా తెరిస్తే పై అరలో పిల్లల ఆరోగ్య కార్డులు మూడు కట్టలుగా ఉన్నాయి. అడుగున జవహర్ బాల ఆరోగ్య రక్ష, దాని మీద రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అన్నిటికంటే పైన కంటి వెలుగు. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారిన వరస తెలియాలంటే పాత పేపర్లు తిరగేయక్కర్లేదు, ఈ బీరువా చాలు. ఎత్తు, బరువు, పళ్లు, కళ్లు, అన్ని గడులూ శ్రద్ధగా నింపారు. తర్వాత ఏం వైద్యం జరిగిందో రాయాల్సిన గడి మాత్రం చాలా కార్డుల్లో ఖాళీగానే ఉంది.

ఈ ఖాళీ ఇవాళ్టిది కాదు. మన దేశంలో బడిపిల్లలకు తొలిసారి వైద్య పరీక్షలు చేసింది 1909లో, బరోడాలో. ఆ తర్వాత చాలాచోట్ల అదే పద్ధతి: డాక్టరు రావడం, వరసగా నిలబెట్టి చూడడం, రాసుకుని వెళ్లిపోవడం. దేశంలో బడుల ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ మొహమాటం లేకుండా రాసింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన మరో కమిటీ వేశారు, మరుసటి సంవత్సరమే నివేదిక వచ్చింది. పరీక్షతో పాటు తిండి, నీళ్లు, తర్వాతి వైద్యం కలిసి నడవాలన్న ఆలోచన అప్పటికే ఉంది. అమలు దగ్గరే బండి ఆగింది.

రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష 2010 నవంబరు 14న మొదలైంది. 2013లో కేంద్రం తెచ్చిన బాల స్వాస్థ్యలో పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అంటూ నాలుగు రకాలుగా, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చూడాలన్నారు. ఆయుష్ డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఒక వాహనంలో అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. కాగితం మీద మంచి ఏర్పాటే. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి లాంటివి ఊళ్లో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసే రోజుల్లో ఇది చాలామంది పిల్లల్ని ఆసుపత్రి మెట్లెక్కించింది.

కానీ 'రిఫర్' అని రాశాక పిల్లను తీసుకెళ్లేది ఎవరు? విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నుంచీ ఉంది. పక్క మండలం పద్మనాభం నుంచి చూస్తే అదేమీ దేశాంతరం కాదు. అయినా ఓపీ చీటీకి, రక్త పరీక్షకి, రిపోర్టుకి కలిపి ఒకసారితో పని తెమలదు. ఒక్కో తిరుగుడుకీ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. గడి ఖాళీగా ఉండడానికి సగం కారణం అక్కడే ఉందని నా లెక్క.

మాత్రల సంగతి మరోలా ఉంటుంది. వారానికొక ఐరన్ మాత్ర: చిన్న తరగతులకు గులాబీ రంగుది, ఆరో తరగతి నుంచి పైవాళ్లకు నీలంది. అన్నం తిన్నాక టీచరు ఎదురుగానే మింగాలి. మాత్ర నాలుక కింద దాచి, కుళాయి దగ్గరికెళ్లి ఉమ్మేసే పిల్లలుంటారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పెడుతుంది, మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. ఇది మామూలేనని ముందు చెప్పకపోతే ఇంట్లో కంగారు, ఆ పైన 'బడిలో ఏవో బిళ్లలిచ్చారు' అని ఊరంతా ప్రచారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే తల్లీ కూతుళ్లది ఒకటే సమస్య. 2015 నుంచి ఇస్తున్న నులిపురుగుల మాత్రకీ దీనికీ చుట్టరికం ఉంది. కొంకి పురుగు మట్టిలోంచి అరికాళ్ల గుండా ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తుంది. మరుగుదొడ్డి, చెప్పులు లేనిచోట ఎంత ఐరన్ ఇచ్చినా చిల్లుకుండలో నీళ్లే. 2019 నవంబరు 14న మొదలైన, బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో మరుగుదొడ్లకు నిరంతరం నీళ్లుండాలన్నది ముందు పెట్టుకున్న పనుల్లో ఒకటి. ఆరోగ్య పథకాల జాబితాలో దాన్నెవరూ వేయరు గానీ, వేయాలి.

వీటన్నిటికంటే గట్టిగా నిలబడింది మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నమే. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశిస్తే, రాష్ట్రంలో 2003లో బడి పొయ్యిలు వెలిగాయి. ప్రాథమిక పిల్లలకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీను, ఆ పై తరగతులకు 700 క్యాలరీలు, 20 గ్రాములు అన్నది లెక్క. ఈ భోజనాన్ని గోరుముద్ద అన్నారు, 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరు మారినా గుడ్డు గుడ్డే. డాక్టరు రాకపోతే అడిగేవాళ్లుండరు, అన్నం ఒక్క పూట రాకపోతే ఊరు ఊరంతా బడి ముందు ఉంటుంది. అది వండే ఆడవాళ్లకిచ్చేది నెలకి 3000 రూపాయలు. ఆ సంగతి వేరే రాయాలి.

పొద్దుటి పూట కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆనందపురం, పద్మనాభం వైపు పూలు, కూరగాయలు పండించే ఇళ్లలో పెద్దవాళ్లు తెల్లారకముందే తోటకో బజారుకో వెళ్లిపోతారు. పిల్లలు టీ తాగి, బన్ను ఉంటే తిని బడికొస్తారు. ప్రేయర్‌లో నిలబడితే కళ్లు తిరుగుతాయి. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టడం మొదలైంది. మిగతా మూడు రోజులూ చిక్కీ. రాగులంటే మన వైపు చోళ్లు. పిల్లల తాతలు పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికెళ్లినవాళ్లే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక వరన్నం ఇంటింటికీ చేరింది, చోళ్లు పేదరికపు గుర్తుగా మిగిలి మెల్లగా పక్కకెళ్లాయి. నలభై ఏళ్ల తర్వాత అవే బెల్లం కలుపుకుని పథకంగా తిరిగొచ్చాయి. "ఏటమ్మా, మా అంబలికే సర్కారోలు పేరెట్టారేటి?" అని ఓ అవ్వ నవ్వింది.

మనసు సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను, ఒకరు మగ ఒకరు ఆడ, ఆరోగ్య అంబాసిడర్లుగా పెట్టి, మానసిక ఆరోగ్యం, మత్తు, ఇంటర్నెట్ వాడకం సహా 11 అంశాలు చెప్పించాలనుకున్నారు. నెల దాటేసరికి కోవిడ్‌తో బడులే మూతపడ్డాయి. పదో తరగతి టెన్షన్ గురించి పిల్ల నోరు విప్పితే ఇంట్లో ఇప్పటికీ వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి వెక్కిరిస్తారు.

2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లాను మూడు ముక్కలు చేశాక పాడేరు ఏజెన్సీ అల్లూరి జిల్లాకు, మైదాన మండలాల్లో ఎక్కువ భాగం అనకాపల్లికి పోయాయి. విశాఖకు 11 మండలాలు మిగిలితే పల్లె అనదగ్గవి పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపువే. నగరం జిల్లా అనుకుని వీటిని మర్చిపోవడం తేలిక.

2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు బడిపిల్లలతోనే మొదలైంది. కళ్లజోడు ఇచ్చినంత మాత్రాన పెట్టుకుంటారా? 'సోడాబుడ్డి' అంటారని తరగతిలో పెట్టుకుని గేటు దాటగానే సంచిలో దాచే ఆడపిల్లలున్నారు. ఆనందపురం బీరువా కింది అరలో ఒక కళ్లజోడు డబ్బా సీలు కూడా విప్పకుండా ఉంది. అది వచ్చేసరికి ఆ అమ్మాయి ఐదో తరగతి ముగించి, పక్కూరి హైస్కూల్లో చేరిపోయిందట.