టవర్ కింద పక్షి చచ్చిపడి ఉంటే: అపోహలు – వాస్తవాలు

అపోహ: సెల్‌టవర్ దగ్గర పక్షి పడిపోయిందంటే రేడియేషన్ తగిలినట్టే.

వాస్తవం: వన్యప్రాణుల వైద్యంలో నాకు ఎక్కువ నష్టం కలిగించిన నమ్మకం ఇదే. రేడియేషన్ అని తేల్చేసుకున్నాక పక్షిని ఎవరూ ఆసుపత్రికి తేరు, కళేబరాన్ని పరీక్షకు పంపరు. ఒకసారి కొన ఊపిరితో ఉన్న గద్దను తెచ్చారు. దానితోపాటు పడినవాటిని అప్పటికే పాతిపెట్టేశారట. దీని కాలివేళ్ళు పిడికిలిలా బిగుసుకుపోయాయి, నోటి నుంచి చొంగ కారుతోంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు పడిన పక్షి అచ్చంగా ఇలాగే ఉంటుంది. దానికి విరుగుడైన అట్రోపిన్ మందు ఇచ్చాం, తేరుకుంది. పాతిపెట్టినవాటి కడుపులో ఏముందో చూసే అవకాశం మాత్రం పోయింది. విషం ఎక్కడ పెట్టారో తెలియకపోతే రేపు ఇంకో గద్ద అక్కడే తింటుంది.

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 2018లో వందల స్టార్లింగ్ పక్షులు రాలిపోతే 5జీ పరీక్షే చంపిందని ప్రపంచమంతా ప్రచారం చేశారు. ఆ పరీక్ష జరిగింది జూన్‌లో, పక్షులు రాలింది అక్టోబరు, నవంబరు నెలల్లో. తేదీలు చూసే ఓపిక కూడా లేదా?

అపోహ: అయితే టవర్ల వల్ల పక్షులకు ఏ హానీ లేదు.

వాస్తవం: ఉంది. మబ్బు పట్టిన రాత్రి వలస పక్షులు ఆరకుండా వెలిగే ఎర్ర దీపాల చుట్టూ తిరిగి తిరిగి, టవర్‌ను నిలబెట్టే తీగలకు కొట్టుకుని చస్తాయి. అమెరికా, కెనడాలలో ఇలా ఏటా 68 లక్షల పక్షులు పోతున్నాయని అంచనా. వెలిగి ఆరే దీపాలు పెడితే చావులు బాగా తగ్గుతాయి. దీని కోసం మాత్రం ఎవరూ ధర్నా చేయరు!

మిగతావి క్లుప్తంగా. బ్రిటన్‌లో పిచ్చుకలు తగ్గడం 1970లలోనే మొదలైంది, అక్కడికి మొబైల్ వచ్చింది 1985లో. సెల్ తరంగాలకు తేనెటీగలు చచ్చిపోతున్నాయన్న కథ, తేనెపెట్టెల్లో కార్డ్‌లెస్ ఫోన్ బేస్ పెట్టి చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని 2007లో పత్రికలు సెల్‌ఫోన్‌కు అంటగట్టడంతో పుట్టింది. రాబిన్ పక్షుల దిక్కు తెలివి విద్యుత్ పరికరాల నుంచి వచ్చే విద్యుదయస్కాంత రొదకు దెబ్బతింటుందని 2014లో జర్మనీ పరిశోధకులు చూపించిన మాట నిజమే. కానీ అది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న రొద, ఏఎం రేడియో ఉండే పరిధి. మొబైల్ తరంగాలు వందల మెగాహెర్ట్జ్‌ల పైమాటే.

"పిల్లాడు ఆ పక్షిని ముట్టుకున్నాడు, రేడియేషన్ అంటుకుంటుందా?" అని ఏడుస్తూ ఫోన్ చేసే తల్లులున్నారు. అంటుకోదమ్మా. పురుగుమందు ఉండొచ్చు కాబట్టి సబ్బుతో చేతులు కడిగించండి, చాలు. పక్షి బతికుంటే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి తీసుకురండి, నోట్లో నీళ్ళు పోయకండి. చనిపోతే చేతికి కవరు తొడుక్కుని మూటకట్టి, చల్లగా ఉన్నచోట పెట్టి అదే రోజు కబురు చేయండి.