రైఫిల్ మూతికి ఆ బరువెందుకు?

చిరంజీవులు అమ్ములుకి, బుజ్జిగాడికి,

విజయవాడ నుంచి తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో అమ్ములు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. షూటింగ్ పోటీల వీడియోలో కొందరి రైఫిల్ మూతికి ఇంకో గొట్టమో, గుండ్రటి బరువో బిగించి ఉందట. “అది తగిలిస్తే గురి మారిపోదా తాతయ్యా? మారితే మరి ఎందుకు పెట్టుకుంటారు?” అంది. చాలాసార్లు మారుతుందమ్మా. ఆ సంగతి తెలిసే పెట్టుకుంటారు.

ముందు మామిడికాయల సంగతి చెబుతాను, తరవాత రైఫిల్. మా అమ్మమ్మగారి ఊరు నూజివీడు పక్కన. వేసవి సెలవులిచ్చారంటే పిల్లలమంతా తోటలోనే. చిన్నరసాలు మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, రసం మోచేతుల దాకా కారుతుంటే తినేవాళ్ళం. చిటారుకొమ్మన ఉన్న కాయల్ని దోటితో కోయాలి. పొడుగాటి వెదురుగడ, చివర చిన్న కత్తి, దాని కింద తాడుతో అల్లిన చిక్కం. ఎత్తి పట్టుకుంటే మన చెయ్యి కదలకపోయినా దాని కొన ఊగుతూనే ఉంటుంది. పిల్లలం ఆ ఊపు ఆగాలని ఎదురుచూసేవాళ్ళం. మా పెద్దమామయ్య ఆగేవాడు కాదు. ఊగే గడ ఒక వైపు చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగేముందు ఒక్క క్షణం నిలుస్తుంది చూడు, సరిగ్గా అప్పుడు లాగేవాడు. కాయ ముచ్చికతో సహా చిక్కంలో పడేది.

ఇనుప గొట్టం కూడా ఊగుతుందా అంటారేమో. ఊగుతుంది, కంటికి కనపడదంతే. తూటాలో మందు అంటుకోగానే గొట్టమంతా వణుకుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీకి వాడే .22 తూటా సెకనుకి సుమారు 330 మీటర్ల వేగంతో మూతి దాటుతుంది. గొట్టంలో అది ఉండేది సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. ఆ కాస్తలోనే వణుకు మొదలైపోతుంది. తూటా బయటపడే క్షణానికి మూతి ఎటు తిరిగి ఉంటే తూటా అటే పోతుంది. అక్కడ టార్గెట్ మీద 10 పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 10.4 మిల్లీమీటర్లే. డిగ్రీని 60 ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కంత మూతి పక్కకి తిరిగినా తూటా 14.5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుశాలే కాంస్యం తెచ్చింది ఇలాంటి టార్గెట్ మీదే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు దోటికి చిక్కం కట్టు. ఒట్టి గడ చకచకా ఊగితే, కొనకి బరువు పడ్డాక నింపాదిగా ఊగుతుంది. రైఫిల్ మూతికి బరువు తగిలించినా అంతే. వణుకు తీరు మారుతుంది, తూటా బయటపడే వేళకి మూతి ఇంకో చోట ఉంటుంది. దెబ్బ కిందికి జరగచ్చు, పక్కకి జరగచ్చు. ఎటు ఎంత జరుగుతుందో ముందే లెక్కకట్టి చెప్పడం కష్టం, కాల్చి చూసుకోవాల్సిందే. మూతికి బిగించే ట్యూనర్ అని ఒకటి ఉంటుంది. దాని బరువుని కొంచెం కొంచెంగా ముందుకీ వెనక్కీ జరుపుతూ, మా మామయ్య దోటి లాగిన క్షణంలాంటి క్షణంలో తూటా బయటపడేలా వెతుక్కుంటారు.

అయితే జరగడం వేరు, చెదరడం వేరు. గుంటూరు కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు మాకు .22 రైఫిల్ నేర్పిన ఉస్తాద్, కాల్చిన కాగితం ఎండకి ఎదురుగా పట్టుకుని చిల్లుల్లోంచి వచ్చే వెలుగు చూసేవారు. చిల్లులన్నీ ఒక్క రూపాయి బిళ్ళ కింద మూసుకుపోతే, అవి నల్ల చుక్కకి ఎంత దూరంలో ఉన్నా సరే, భుజం తట్టేవారు. గుంపు కుదిరితే దాన్ని మధ్యకి తెచ్చుకోవడానికి సైట్‌కి, అంటే గురి చూసుకునే భాగానికి, మరలు ఉన్నాయి. చెదిరినవాటిని ఏ మరా బాగుచెయ్యలేదు. చిక్కం ముడి వదులైతే ప్రతి ఊపూ ఒక్కో తీరుగా ఉన్నట్టే, మూతికి బిగించింది వదులైతే ప్రతి తూటా ఒక్కో దారి పడుతుంది. అందుకే ప్రతిసారీ ఒకేలా బిగించాలి, తీసి పెట్టాక మళ్ళీ కాల్చి సరిచూసుకోవాలి. ఒద్దిక అంటే అది పిల్లలూ, చదువులోనైనా అంతే.

ఇంకో సంగతి. తూటా వెనకే వేడి గ్యాస్ తోసుకొస్తుంది, ఒక్క క్షణం తూటానే దాటిపోతుంది. మూతి అంచు కాస్త నొక్కుకుపోయినా, తగిలించిన గొట్టం పక్కకి ఒరిగినా ఆ గ్యాస్ ఒకవైపు ఎక్కువగా నెడుతుంది. పోటీల్లో వాడే పొడుగు గొట్టానికి లోపల తూటాకి తగలనంత వెడల్పు ఉంటుంది. దాని చివర ముందు సైట్ పెడితే రెండు సైట్ల మధ్య దూరం పెరిగి, గురి తప్పడం ఇట్టే తెలుస్తుంది.

బుజ్జీ, మన విజయవాడ జ్యోతి సురేఖ విల్లుకి ముందు పొడుగాటి కడ్డీ ఉంటుంది కదా, అదెందుకని అడిగావు. విల్లు చేతిలో తిరిగిపోకుండా నిలబెట్టి, బాణం వదలగానే వచ్చే అదురుని తగ్గిస్తుంది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయి 3 స్వర్ణాలు గెలిచినప్పుడు వీధంతా టపాకాయలు కాల్చాలనిపించింది నాకు.

రైఫిల్ మాత్రం రేంజ్‌లో కోచ్ పక్కనుంటేనే ముట్టుకోవాలి, ఆట వస్తువు కాదు. మీరు చెయ్యాల్సింది వేరే ఉంది. మీ పెరట్లో జామచెట్టు దగ్గర దోటి ఉందిగా. నాన్నని గడ మొదలు గట్టిగా పట్టుకోమనండి. చిక్కం విప్పేసి కొనని ఒకసారి తట్టి, పది అంకెలు లెక్కపెట్టేలోగా ఎన్ని ఊపులు ఊగిందో బుజ్జి చూడాలి. తరవాత చిక్కం కట్టి మళ్ళీ చూడాలి. ఆఖర్న అందులో ఒక జామకాయ వేసి చూడండి. మూడు లెక్కలూ అమ్ములు నాకు రాసి పంపాలి.

ప్రేమతో,
తాతయ్య