రెండు మడతల లయ

కవాతు బృందం బాజాలకు అడుగు వేస్తుంటే ఒక దెబ్బ బలంగా, మరుసటిది తేలికగా పడుతుంది. ఇలా రెండేసి దెబ్బలుగా సాగే నడకను పాశ్చాత్య సంగీతంలో డ్యూపుల్ మీటర్ అంటారు. పోల్కా అనే నాట్యం ఈ కోవలోదే. వాల్ట్జ్ నాట్యానిది మూడు దెబ్బల నడక. స్వరలిపిలో 6/8 అని రాసే లయ చాలామందిని తికమక పెడుతుంది. ఆరు లెక్కపెడతాం గానీ అసలు దెబ్బలు రెండే, ఒక్కో దానిలో మూడేసి భాగాలు. కాబట్టి అదీ డ్యూపులే.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘డుప్లుస్’. ‘డుఓ’ అంటే రెండు, సంస్కృతంలోని ‘ద్వి’కి తోబుట్టువు. వెనకున్న ‘ప్లుస్’కూ కూడికకూ సంబంధం లేదు, అది మడతను సూచించే ప్రాచీన ధాతువు నుంచి వచ్చింది. ‘డబుల్’ కూడా ఇదే మాట, కాకపోతే ఫ్రెంచి మీదుగా చుట్టు తిరిగి వచ్చింది.

సంగీతంలో ఈ మాట మొదట దెబ్బల లెక్క కాదు, నిష్పత్తి. మధ్యయుగ పండితులకు ‘డుప్లా’ అంటే 2:1. తీగను సరిగ్గా సగానికి నొక్కి మీటితే పై స్థాయి షడ్జం పలుకుతుంది. ఆ రెండు పొడవుల సంబంధం డుప్లా. తర్వాతి కాలపు స్వరలిపిలో అదే పేరు రెట్టింపు వేగానికి గుర్తయింది.

ఆ రోజుల్లో రెండుకు అంత గౌరవం లేకపోవడం విడ్డూరం. 14వ శతాబ్దపు ఫ్రాన్సులో మూడుగా విడిపోయే కాలం ‘సంపూర్ణం’, రెండుగా విడిపోయేది ‘అసంపూర్ణం’. క్రైస్తవ త్రిత్వమే అందుకు సమర్థన. మొదటిదానికి నిండు వలయం, రెండోదానికి తెగిన వలయం గుర్తులుగా వేసేవారు. ఇప్పటికీ 4/4 లయకు ముందు కనిపించే ‘సీ’ ఆకారం అక్షరం కాదు, ఆ తెగిన వలయమే.

పండితులు చిన్నచూపు చూసినా చెవికి మాత్రం రెండంటే మక్కువే. ఒకే బిగువుతో, సమాన వ్యవధిలో టిక్ టిక్ అని వినిపిస్తే చాలు, లేని హెచ్చుతగ్గులను మనమే కల్పించుకుంటాం. 1894లో అమెరికన్ మనస్తత్వవేత్త థాడియస్ బోల్టన్ ఈ సంగతిని ప్రయోగాల్లో గమనించాడు: శ్రోతలు ఎక్కువగా రెండేసి, నాలుగేసి శబ్దాలను ఒక జట్టుగా విన్నారు.

ఇందులో శరీరానికీ వాటా ఉంది. 2005లో కెనడా పరిశోధకులు ఏడు నెలల పసివాళ్లకు హెచ్చుతగ్గులు లేని ఒక లయను వినిపిస్తూ, కొందరిని ప్రతి రెండో దెబ్బకు, కొందరిని ప్రతి మూడో దెబ్బకు ఎగరేశారు. అందరూ విన్నది ఒకే లయ. అయినా తర్వాత, తమను ఎగరేసిన లెక్కకు సరిపోయేలా హెచ్చుతగ్గులున్న రూపాన్నే పిల్లలు ఎక్కువసేపు విన్నారు. కళ్లకు గంతలు కట్టినా ఫలితం మారలేదు. ఇంకొకరు ఎగురుతుంటే ఊరికే చూసిన పిల్లల్లో మాత్రం ఆ మొగ్గు కనిపించలేదు.