రీసెట్ కొట్టే ముందు కాస్త ఆగండి పిల్లలూ

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

నానీ, చిన్నీ,

మీ ఇద్దరూ కలిసి పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. హాల్లో స్మార్ట్ బల్బులు (ఫోన్ యాప్‌తో వైఫై మీద నడిచేవి) బాగానే ఉంటున్నాయి, బాల్కనీలోది, మీ గదిలోది మాత్రం యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తున్నాయి, మీ నాన్న వాటిని పారేసి వేరే కంపెనీవి కొందామంటున్నాడు, అంతే కదా? ఫోన్‌లో చెబితే సగం వింటారు, ఆ సగం కూడా మర్చిపోతారు, అందుకే రాస్తున్నాను. కొనడం సంగతి తర్వాత. ముందు ఆ రీసెట్ కొట్టడం ఆపండి. స్విచ్ టకటకా వేసి తీసి వేసి తీసి రీసెట్ చేస్తే బల్బు మళ్లీ కలుస్తుంది, నిజమే, కానీ ఎందుకు తప్పిపోయిందో తెలుసుకునే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది, రెండ్రోజులకి మళ్లీ అదే కథ.

నేను టెలిఫోన్స్‌లో పనిచేసేటప్పుడు ఫోన్ పోయిందని ఎవరు కంప్లైంట్ ఇచ్చినా మేం మొదట అడిగేది ఒకటే, మీ ఒక్కరిదేనా, పక్కింటివాళ్లది కూడా పోయిందా అని. ఒక్కరిదే అయితే ఆ ఇంటి తీగో, ఆ ఫోనో చూసేవాళ్లం. వీధంతా పోతే ఆ ఇంటికి వెళ్లి లాభం లేదు, కేబుల్ దగ్గరికే పోవాలి. మీరూ అంతే చేయండి. ఏ బల్బు పోతోంది, ఎప్పుడు పోతోంది, ఈ రెండూ కనిపెడితే మిగతాది తేలిక.

అన్నింటికన్నా ముందు గోడ స్విచ్ చూడండి. నవ్వకండి. స్మార్ట్ బల్బుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, యాప్‌లో ఆపినా లోపల దాని రేడియో మేలుకునే ఉంటుంది. మీ అమ్మకి గదిలోంచి బయటికొస్తూ స్విచ్ ఆపేసే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది, నేనే నేర్పాను. ఆ స్విచ్ మీద ఒక చిన్న స్టిక్కర్ అంటించి చూడండి, మీ గది బల్బు జబ్బు దాంతోనే నయమైపోవచ్చు.

స్విచ్ వేసే ఉన్నా, అన్ని బల్బులూ ఒకేసారి పోతే బల్బుల తప్పు కాదు. అప్పుడు ఫోన్ బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగుల పేజీ తెరవండి. దాని అడ్రస్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. అందులో ఏమేం కలిసున్నాయో జాబితా కనిపిస్తుంది. బల్బు ఆ జాబితాలో ఉందంటే వైఫై నుంచి అది ఎక్కడికీ పోలేదు. యాప్‌లో మీరు నొక్కిన నొక్కు చాలా బల్బుల్లో నేరుగా బల్బుకి వెళ్లదు, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్లి తిరిగొస్తుంది. ఇంటర్నెట్ ఆగితే మూడడుగుల దూరంలో వెలుగుతున్న బల్బు కూడా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది. మన ఇంట్లో దీపం ఆర్పడానికి ఏ దేశమో వెళ్లి అనుమతి తెచ్చుకోవడమేంటో నాకు ఇప్పటికీ వింతే.

ఇక మీ కేసులో దూరంగా ఉన్న రెండే పోతున్నాయి కాబట్టి అనుమానం సిగ్నల్ మీదే. వైఫై మాట్లాడే రేడియో దారులు, అంటే బ్యాండ్లు, మన రూటర్లలో ముఖ్యంగా రెండు, 2.4, 5 గిగాహెర్ట్జ్. ఈ బల్బుల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే మాట్లాడతాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి వినిపించదు. 2.4 గోడలు దాటి దూరం పోతుంది, కానీ లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని మన ప్రభుత్వం 2005లో తెరిచిపెట్టిన బ్యాండ్ అది, బ్లూటూత్‌తో సహా అందరూ అక్కడే. మీ మధురవాడ అపార్ట్‌మెంట్‌లో ఇంటికో రూటర్. సాయంత్రం ఏడింటికి రద్దీగా ఉండే జగదాంబ జంక్షన్‌లో నిలబడి అవతలి ఫుట్‌పాత్ మీదున్న వాడితో మాట్లాడితే ఎలా ఉంటుందో, మీ బాల్కనీ బల్బు పరిస్థితి అదీ. ఆ బ్యాండ్‌లో మనకి 13 చానళ్లు, అంటే రోడ్డు మీద లేన్ల లాంటివి, ఉన్నా ఒక్కోదానికీ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, సిగ్నల్ వెడల్పేమో 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ (చుట్టుపక్కల వైఫైలు ఏ చానల్ మీద ఉన్నాయో చూపించేది) ఒకటి వేసుకుని సరిగ్గా ఆ బల్బు కింద నిలబడి చూడండి, ఆ మూడింటిలో ఏది కాస్త ఖాళీగా ఉందో తెలుస్తుంది. రూటర్‌లో చానల్ దగ్గర ఆటో అని ఉంటే తీసేసి ఆ చానల్ పెట్టండి, వెడల్పు 40 ఉంటే 20 చేయండి. ఆటోలో వదిలేస్తే కొన్ని రూటర్లు అర్ధరాత్రి తమంతట తామే చానల్ మారుస్తాయి, ఫోన్ వెతుక్కుని వెంటపోతుంది, చవక బల్బు అక్కడే ఉండిపోతుంది. పొద్దున్న లేచేసరికి ఆఫ్‌లైన్ అంటే ఇది గుర్తు తెచ్చుకోండి. అదే మీ అమ్మ ఓవెన్‌లో పాలు వేడిచేసినప్పుడు పోతోందంటే ఆ మైక్రోవేవ్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది, అది ఆగాక బల్బు దానంతటదే వస్తుంది.

ఆ ఎనలైజర్ యాప్‌లోనే సిగ్నల్ ఎంతుందో కూడా చూడండి, మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 60ల్లో ఉంటే పర్వాలేదు, మైనస్ 75 దాటి 80 వైపు పోతోందంటే బల్బు కష్టపడుతోందని అర్థం. అక్కడ ఫోన్ బాగానే పనిచేస్తోంది కదా అనకండి. ఫోన్ యాంటెన్నా మంచిది, బల్బుదేమో బోర్డు మీద గీసిన చిన్న గీత, పైగా ఇనుప షేడ్‌లో బిగించారంటే సగం వినబడదు. మీ రూటర్ ఎక్కడుందో నాకు తెలుసు, టీవీ వెనకాల, చెక్క యూనిట్ లోపల, అందంగా కనబడాలని. దాన్ని బయటికి తీసి హాల్లో ఎత్తుగా పెట్టించండి. మధ్యలో కాంక్రీటు పిల్లర్, అందులో ఇనుప చువ్వలు, దానికి తోడు ఫ్రిజ్, ఇవన్నీ దాటి బాల్కనీకి చేరాలి పాపం. ఈ ఒక్క పనికి డబ్బు ఖర్చు లేదు, మీ నాన్నకి ముందు ఇదే చెప్పండి.

రూటర్ సెట్టింగుల్లో చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. 2.4కీ 5కీ ఒకే పేరుంటే విడదీసి 2.4కి వేరే పేరు పెట్టండి, బల్బులన్నీ దాని మీదికి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 (వైఫైకి కాపలా కాసే కొత్త పద్ధతి) ఒక్కటే పెట్టి ఉంటే పాత బల్బులు కలవవు, దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2 కూడా ఉండే ఆప్షన్ పెట్టండి. ఎప్పుడైనా రూటర్ మార్చాల్సివస్తే కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టేయండి, బల్బులు ఏమీ జరగనట్టే వచ్చి కలుస్తాయి.

కరెంటు విషయం మన ఊళ్లో కాస్త ప్రత్యేకం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే కరెంటు వచ్చి పోయి వచ్చి పోయి ఆడుతుంది కదా (2014లో హుద్‌హుద్ అప్పుడు అసలు ఆడటం కూడా లేదు, పోవడమే, మీ అమ్మనడగండి). అలా ఆడినప్పుడు బల్బుకి అది మీరు స్విచ్ వేసి తీసినట్టే లెక్క. పాపం అది రీసెట్ చేయమంటున్నారనుకుని అన్నీ మర్చిపోయి గబగబా మిణుకుతూ కూర్చుంటుంది. గాలివాన తర్వాత బల్బు మిణుకుతోందంటే పాడైపోలేదు, మళ్లీ కలపాలి, అంతే. ఇంకొకటి, కరెంటు రాగానే బల్బు కొన్ని సెకన్లలో లేస్తుంది, రూటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఈలోపు వెతికి వెతికి విసిగిపోయే బల్బులున్నాయి, వాటిని ఒక్కసారి ఆపి వేస్తే చాలు. రూటర్‌కి కరెంటు పోయినా నడిపించే చిన్న బ్యాటరీ, అదే యూపీఎస్, పెడితే ఈ గొడవే ఉండదు.

బాల్కనీ బల్బుకి నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. సముద్రం గాలి తగిలే చోట హోల్డర్ లోపలి పిన్నులకి చిలుము పడుతుంది, పట్టు వదులవుతుంది. గాలికి కాస్త కదిలితే కరెంటు తెగి మళ్లీ అందుతుంది, కంటికి మిణుకుమన్నట్టు ఉంటుంది, లోపల మాత్రం బల్బు మొదటినుంచీ లేచి వైఫై వెతుక్కోవాలి. హాల్లో బల్బునీ దీన్నీ అటూ ఇటూ మార్పించండి. జబ్బు బల్బుతో పాటు హాల్లోకి వచ్చిందా, బల్బుదే. బాల్కనీలోనే ఉండిపోయిందా, హోల్డరో సిగ్నలో. ఈ మార్చడం, హోల్డర్ ముట్టుకోవడం మీరు చేయొద్దు, మీ నాన్న మెయిన్ ఆపి చేయాలి, చిలుము ఎక్కువుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి హోల్డరే మార్పించాలి. దానికి పెద్ద ఖర్చేం కాదు.

ఒక నోట్‌బుక్ తీసుకుని వచ్చే ఆదివారం దాకా రాయండి, ఏ బల్బు, ఎన్నింటికి పోయింది, అప్పుడు ఇంట్లో ఏం నడుస్తోంది, కరెంటు పోయిందా అని. నానీ రాయాలి, చిన్నీ టైం చూడాలి, కొట్టుకోకండి. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపితే తర్వాత ఏం చేయాలో చెబుతాను. రూటర్ పాస్‌వర్డ్ మాత్రం ఆ పేజీ మీద రాయకండి, దాన్ని నాకు కూడా పంపొద్దు.

మీ అమ్మమ్మ