దగ్గరున్న పేజీకి అంత ఆలస్యమెందుకు?

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవులు చిట్టికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

ల్యాబులో అందరూ చూసే పేజీలను ప్రాక్సీ సర్వర్, అంటే మన తరఫున ఇంటర్నెట్ నుంచి పేజీలు తెచ్చిపెట్టే కంప్యూటర్, తన దగ్గరే దాచుకుంటుందట కదా, మరి దగ్గరున్నది ఇవ్వడానికీ అంత సేపు ఎందుకని చిట్టి అడిగింది. మంచి ప్రశ్న.

మా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లలో మా బాబాయి చెప్పుల స్టాండు పెట్టేవాడు. శివరాత్రికి ఎంత జనమో! ప్రభలు వస్తుంటే నేను పని మరిచిపోయి నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. పట్టీ తెగి పిన్నీసు పెట్టిన జతకైనా సరే, ఒక సంచీ, దానికో చీటీ, ఫలానా వరుసలో ఫలానా అర. ఇవ్వడం క్షణం పని, వెతకడానికే కాలమంతా.

డిస్కుకూ అదే బాధ. స్క్విడ్ అనే ప్రాక్సీ ప్రోగ్రాం పాత పద్ధతిలో పేజీలోని ప్రతి బొమ్మనూ డిస్కు మీద విడి ఫైలుగా దాస్తుంది. మామూలుగా 16 ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో మళ్లీ 256. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆపైన హెడ్, అంటే డిస్కును చదివే చిన్న ముక్క, చోటు మారాలి. అందుకే చెల్లాచెదురుగా ఉన్నవాటిని సెకనుకు వంద అటూ ఇటూగా మాత్రమే అందించగలదు.

ఓ ఏడు బాబాయి అరలు తీసేసి, నేల మీద సుద్దతో గళ్లు గీశాడు. బిళ్ల మీది నంబరే గడి నంబరు. చీటీ లేదు, సంచీ లేదు. స్క్విడ్‌లో రాక్ పద్ధతి ఇలాంటిదే: ఒకే పెద్ద ఫైలు, అందులో సమానమైన గళ్లు. పెద్దవాటికి రెండు మూడు గళ్లు. బాబాయి బిళ్లలిచ్చే చోటు వదిలేవాడు కాదు, పరుగులన్నీ మా పిల్లలవే. స్క్విడ్‌లోనే ఏయూఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతిలోనూ డిస్కు పని వేరే థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలోనే పక్కన నడిచే పనివాళ్లు, చూసుకుంటాయి, అసలు ప్రోగ్రాం వచ్చినవాళ్లకు జవాబిస్తూనే ఉంటుంది.

ఫైలు చదివినప్పుడల్లా ఆ టైము రాసిపెట్టే అలవాటు సిస్టమ్‌కు ఉంటే, నోఏటైమ్ అనే సెట్టింగు పెట్టి మాన్పించాలి. మనిషి ఎండలో నిలబడి ఉండగా మనం లెక్కలు రాసుకుంటూ కూర్చోకూడదు కదా! అందరూ అడిగేవాటిని డిస్కు దాకా పోకుండా ర్యామ్‌లోనే, అంటే కంప్యూటర్ చేతికందే జ్ఞాపకంలోనే, ఉంచితే ఇంకా మేలు. చిప్పులతో చేసిన ఎస్ఎస్‌డీ అనే డిస్కులో తిరిగేదేమీ లేదు కాబట్టి ఈ పరుగు చాలావరకు తప్పుతుంది, కాకపోతే రాతలు ఎక్కువైతే అది అరుగుతుంది.

ఇదంతా రాసి చెబితే తెలిసేది కాదు. నాన్నను ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్లమనండి. పాడైపోయిన హార్డ్ డిస్కు ఒకటి కొని, నక్షత్రం ఆకారం స్క్రూలు విప్పించుకోండి. లోపలి పళ్లెంలో మీ ముఖం కనిపిస్తుంది. గాజుదైతే పగులుతుంది, జాగ్రత్త. ఆ హెడ్ ఎంత సన్నగా ఉందో, ఎంత దూరం జరగగలదో వేలితో మెల్లగా కదిపి చూసి, నాకు రాయండి.

మీ తాతయ్య