సైనికుడి బొమ్మకి మట్టి పట్టించడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

"డబ్బులు పోసి కొత్త బొమ్మ కొని, మళ్లీ దాన్ని పాడుచేసుకోవడం ఏంట్రా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అడుగు ఎత్తు సైనికుడి ఫిగర్, అంటే 1/6 స్కేలుది, పెట్టెలోంచి తీసినప్పుడు పెళ్లికి ముస్తాబైనట్టు ఉంటుంది. బట్టల మీద ముడత ఉండదు, బూట్లు తళతళలాడుతుంటాయి. అతన్ని మూడు వారాలు కందకంలో గడిపిన మనిషిలా మార్చడమే వెదరింగ్. విశాఖలో మా డాబా మీది గదిలో పదేళ్లుగా ఇదే నా ఆదివారం పని. కింద చెప్పే తప్పుల్లో సగం నేను చేసినవే.

అపోహ: ఇవి పిల్లలాడుకునే బొమ్మలు.

మొదలైంది పిల్లల కోసమే. 1964లో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జోని తెచ్చినప్పుడు, 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని 'యాక్షన్ ఫిగర్' అనే పేరు పెట్టింది. రెండేళ్లకి అదే బ్రిటన్‌లో యాక్షన్ మ్యాన్ అయింది. ఇప్పుడు పెద్దవాళ్లనే ఉద్దేశించి చేసే ఫిగర్లు చాలా ఉన్నాయి. ఈ విషయం మీద ఇంతకంటే వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: ఎంత మురికి పూస్తే అంత సహజంగా ఉంటుంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఈశాన్య భారతంలోని కోహిమా దగ్గర జపాన్ సైన్యంతో పోరాడిన భారతీయ జవానుని చేద్దామని కూర్చున్నాను. గోధుమరంగు ఆక్రిలిక్ నీళ్లలో పలచగా కలిపి తల నుంచి కాళ్ల దాకా పట్టించాను. ఆరాక చూస్తే జవాను కాదు, టీలో ముంచి తీసిన బిస్కెట్టులా ఉన్నాడు.

ఆ నెలలోనే మా ఇంటి ప్రహరీ గోడ కడుతున్నారు. తాపీ మేస్త్రీ చొక్కా చూశాక విషయం అర్థమైంది. మురికి ఒంటినిండా ఒకేలా పట్టదు. మోకాళ్లు, మోచేతులు, కూర్చునే చోటు, చెయ్యి పదేపదే దూరే జేబు అంచు, వీటికే పడుతుంది. భుజాలూ వీపు పైభాగమూ మాసిపోయిన దానికంటే ఎండకి వెలిసిపోవడమే ఎక్కువ. చంకల దగ్గర చెమట ఆరిన చోట తెల్లటి ఉప్పు గీత. అంటే రంగు పూయడం ఎంతో, రంగు తీయడమూ అంతే.

ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు బట్టలు విప్పి ఉతుకుతాను, గంజి పోయి మెత్తబడతాయి. కుట్ల మీద, కాలరు అంచుల మీద నాలుగొందల నంబరు శాండ్‌పేపర్‌తో మెల్లగా రుద్దుతాను. అసలు రంగుకంటే ఒక పిసరు లేత రంగుని దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో భుజాల మీద అద్దుతాను. తుపాకీ పట్టీ, వెబ్బింగ్ (సామాను తగిలించుకునే మందపాటి నేత పట్టీలు) కింద బట్టని మాత్రం ముట్టుకోను. ఎండ తగలని చోట రంగు అలాగే ఉంటుంది కదా. పట్టీ కొంచెం పక్కకి జరిగి ఆ ముదురు చార కనిపించిందంటే, చూసినవాడు నమ్ముతాడు.

ఇంకో సంగతి. కోహిమా యుద్ధం ఏప్రిల్ 4న మొదలై జూన్ 22న ముగిసింది. మధ్యలో వానలు పడ్డాయి. ఏప్రిల్ జవాను దుమ్ము మనిషి, జూన్ జవాను బురద మనిషి. నెల తేల్చుకోకుండా బ్రష్ పట్టుకోకండి.

అపోహ: నిజమైన మట్టి వాడితే నిజంగా ఉంటుంది.

అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ స్కేలులో మూడు మిల్లీమీటర్ల రాయితో సమానం. బూటుకి అంటుకున్నది మట్టిలా కాదు, కంకరలా కనిపిస్తుంది. వాడాలనుకుంటే పలచటి బట్టలో రెండుసార్లు జల్లించండి. నాకైతే డ్రై పాస్టెల్ (సుద్దముక్కలాంటి రంగు) ముక్కని శాండ్‌పేపర్ మీద రుద్ది తీసిన పొడే నచ్చుతుంది. రంగు కూడా చూసుకోవాలి. గుంటూరు స్నేహితుడొకడు కార్గిల్ జవాను బూట్లకి వాళ్ల పొలంలోని నల్లరేగడి పూసి తెచ్చాడు. ఆ కొండల దుమ్ము బూడిద, లేత గోధుమ రంగుల్లో ఉంటుంది. అదే రేగడి 1943లో ఉక్రెయిన్ నల్లనేలలో నడిచిన సైనికుడికైతే భేషుగ్గా కుదిరేది. వాడికి ఆ మాట చెబితే ఇంకా కోపం.

అపోహ: తుపాకీకి తుప్పు, అంచులకి వెండి రంగు తప్పనిసరి.

సైనికుడి దగ్గర అన్నిటికంటే శుభ్రంగా ఉండేది తుపాకీయే. కోహిమా కాలపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మడమలో, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలో, చిన్న గూడు ఉంటుంది. అందులో నూనె సీసా, గొట్టం శుభ్రం చేసే తాడు పెట్టుకునేవారు. తుప్పు పట్టనిస్తే పై అధికారి ఊరుకోడు, తుపాకీ పేలదు. దాని కర్ర మీద చెయ్యి పట్టే చోట నూనె, చెమట ఇంకి నల్లబడి నున్నగా మెరవాలి. అక్కడ కొద్దిగా శాటిన్ వార్నిష్ చాలు.

లోహం ఏదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఇనుముకి తుప్పు. ఇత్తడి బకిల్‌కి చిలుము, నలుపు. అమెరికన్ సైనికుడి అల్యూమినియం నీళ్ల సీసాకి ఎర్ర తుప్పు పూస్తే నవ్వుతారు. ఇక మన సైన్యం వాడిన ఇన్సాస్ లాంటి తుపాకీ మీద ప్లాస్టిక్ భాగాల అంచులకి వెండి రంగు అద్దడం మరీ ఘోరం. ప్లాస్టిక్ గీసుకుపోతే లోపల ఉండేది ప్లాస్టికే. లోహపు భాగాల అంచులకి మెత్తటి 6బి పెన్సిల్ మొన పొడిని వేలితో రుద్దండి, పెయింటుకంటే బాగుంటుంది.

అపోహ: పాత రంగు తీయడానికి నెయిల్ పాలిష్ రిమూవర్ చాలు.

అందులోని ఎసిటోన్ రంగుతోపాటు ముక్కునీ తీసేస్తుంది. నా తొలి ఫిగర్ ముఖం అలాగే పోయింది. ఆక్రిలిక్ రంగుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల, కాస్త ఓపిక సరిపోతాయి. అదీ ముందు మెడ వెనక చుక్క వేసి చూశాకే. మెత్తటి వినైల్ తల మీద ఎనామిల్ పెయింటు వద్దు. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థంతో కలిసి నెలలు గడిచినా జిగటగానే ఉంటుంది. మరో మాట, మా విశాఖ లాంటి ఊళ్లో వానాకాలం మ్యాట్ వార్నిష్ స్ప్రే చేయకండి. గాల్లో తేమకి ఫిగర్ మీద తెల్లటి పొర కడుతుంది. ఎండ కాసే రోజు దాకా ఆగడమే.

అపోహ: ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకపోతే కుదరదు.

నాకు లేదు. పాత్రలు తోమే స్పాంజి ముక్క, పాత టూత్‌బ్రష్, మా ఆవిడ పక్కన పడేసిన మేకప్ బ్రష్, అంతే. ఒక్క మాస్కు మాత్రం మంచిది కొనండి. రెజిన్ తల అరగదీసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకి చేటు.

అపోహ: వెదరింగ్ చేస్తే బొమ్మ విలువ పోతుంది.

ఇది సగం నిజం. అరవైల నాటి ఫిగర్ పెట్టెతో సహా దొరికితే దాన్ని ముట్టుకోకండి, అలాగే ఉంచండి. నేను కొనేవి మాత్రం పెట్టె లేనివి, ఒక చెయ్యి విరిగినవి, ఎవరో సగం రంగు వేసి వదిలేసినవి. ప్రస్తుతం బల్ల మీద ఉన్నవాడికి బూట్లు లేవు, వెతుకుతున్నాను.